లేయర్లన్నీ వచ్చాయి, బొమ్మ మాత్రం మారిపోయింది: డిజైన్ ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు లోపల జరిగేది

ఫైల్ తెరిచాను. 14 లేయర్లూ, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన బొమ్మ పొరలు, ఉన్నాయి. పేర్లు, వరస అన్నీ పంపినాయన చెప్పినట్టే ఉన్నాయి. పసుపు బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక గాజు సీసా, దాని కింద మెత్తటి నీడ, ఇదీ డిజైన్. సీసా బాగానే ఉంది. నీడ ఉండాల్సిన చోట మాత్రం ఎవరో తడి బూడిద పూసినట్టు ఒక మరక కనిపిస్తోంది. ఫోన్ చేస్తే అవతలి నుంచి ఒకటే మాట: "నా సిస్టమ్‌లో బాగానే ఉందండీ!"

ఆయన అబద్ధం చెప్పలేదు. ఫైల్ కూడా పాడవలేదు. రెండు ప్రోగ్రామ్‌లూ తమకు తెలిసినంతలో సరిగ్గానే పనిచేశాయి. అయినా బొమ్మ మారిపోయింది. లేయర్లు పోవడం కంటే ఇదే పెద్ద చిక్కు. పోతే వెంటనే తెలుస్తుంది. ఉండి కూడా వేరేలా ప్రవర్తిస్తే, ప్రింట్ చేతికి వచ్చేదాకా ఎవరూ గమనించకపోవచ్చు.

ఈ తలనొప్పి ఈమధ్య ఇంకాస్త ఎక్కువైంది. 2025 మార్చిలో ఫోటోలు ఎడిట్ చేసే ఉచిత ప్రోగ్రామ్ గింప్ 3.0 వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ చివర్లో కాన్వా కంపెనీ తన చేతిలో ఉన్న అఫినిటీ అనే డిజైన్ ప్రోగ్రామ్‌ను ఉచితం చేసింది. ఏళ్ల తరబడి ఒకే ప్రోగ్రామ్‌లో పనిచేసినవాళ్లు ఇంకోటి ప్రయత్నిస్తున్నారు, పాత ఫైళ్లు అందులో తెరుస్తున్నారు. "లేయర్లతో సహా వస్తుందా?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఎందుకో చూద్దాం.

లేయర్ అనే మాటకు ఒక్కో చోట ఒక్కో అర్థం

ఫోటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది. అందులో లేయర్లు లేవు. బొమ్మ మీద ఏదైనా అతికిస్తే, ఎంపిక తీసేయగానే అది కింది బొమ్మలో కలిసిపోయేది. 1994లో 3.0 వెర్షన్‌తో లేయర్లు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శక షీట్లు, పైనుంచి చూస్తే అన్నీ కలిసి ఒకే బొమ్మ. చాలామంది మనసులో లేయర్ అంటే ఇప్పటికీ ఇదే.

ఆకారాలతో బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లో లేయర్ షీట్ కాదు, సొరుగు. అందులో 40 ఆకారాలు పడేయొచ్చు, ఒక్కో ఆకారానికీ తనదంటూ పైనా కిందా స్థానం ఉంటుంది. ఫోటోషాప్‌లో 40 విడి వస్తువులు కావాలంటే దాదాపు 40 లేయర్లు కావాలి. ఇలస్ట్రేటర్‌లో అవన్నీ ఒకే లేయర్‌లో హాయిగా సర్దుకుంటాయి.

పుస్తకాల పేజీలు అమర్చే ఇన్‌డిజైన్‌లో లేయర్ డాక్యుమెంట్ మొత్తానికీ వర్తిస్తుంది. 64 పేజీల పుస్తకంలో ఒక లేయర్‌ను ఆపేస్తే 64 పేజీల్లోనూ ఆగిపోతుంది. కోరెల్‌డ్రాలో మామూలు లేయర్ ఆ పేజీకే పరిమితం, అన్ని పేజీలకూ కావాలంటే మాస్టర్ లేయర్ అని వేరే ఉంది. యాప్‌ల తెరలు డిజైన్ చేసే ఫిగ్మాలో అయితే ఎడమవైపు జాబితాలో కనిపించే ప్రతిదాన్నీ లేయర్ అనే అంటారు, అది ఫ్రేమ్ అయినా గ్రూప్ అయినా ఒక్క అక్షరం అయినా.

కాబట్టి ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి లేయర్‌ను పంపడమంటే ఒక వస్తువును ఒక గదిలోంచి తీసి ఇంకో గదిలో పెట్టడం కాదు. ఒక భాషలో చెప్పిన మాటను ఇంకో భాషలో చెప్పడం. అవతలి భాషలో ఆ మాట ఉంటే సరే. లేకపోతే దగ్గరి మాట ఏదో వెతకాలి, అదీ దొరక్కపోతే వదిలేయాలి.

ఫైల్‌లో ఉండేవి రెండు: లెక్క, జవాబు

లెక్కల పరీక్షలో స్టెప్పులన్నీ రాసి చివర్లో జవాబు రాస్తాం కదా. డిజైన్ ఫైల్ కూడా చాలావరకు అలాంటిదే. "ఈ అక్షరాలు ఈ ఫాంట్‌లో, ఈ సైజులో, దాని మీద ఈ నీడ, మొత్తాన్ని 60 శాతం ఓపాసిటీతో (ఎంత చిక్కగా కనిపించాలన్న కొలత)" అన్నది లెక్క. అదంతా చేశాక తెర మీద కనిపించే చుక్కల రంగులు జవాబు.

ఫోటోషాప్ సొంత ఫార్మాట్ అయిన పీఎస్‌డీ ఫైల్‌లో రెండూ ఉంటాయి. లేయర్ల వివరాలు ఒక భాగంలో, అన్నీ కలిపేసిన పూర్తి బొమ్మ ఇంకో భాగంలో. సేవ్ చేసేటప్పుడు వచ్చే 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' అన్న ఆప్షన్ ఈ రెండో భాగం కోసమే. దాన్ని ఆపేసి సేవ్ చేసిన ఫైల్‌ను లేయర్లు చదవలేని ప్రోగ్రామ్‌లో తెరిస్తే తెల్లటి పేజీ మీద "ఈ ఫైల్‌లో కలిపిన బొమ్మ లేదు" అన్న అర్థంలో ఒక సందేశం కనిపిస్తుంది. ఫైల్ కరప్ట్ అయిందని అప్పుడు చాలామంది కంగారు పడతారు. లెక్క ఉంది, జవాబు రాయలేదు, అంతే.

ఇలస్ట్రేటర్ సొంత ఫార్మాట్ అయిన ఏఐ ఫైల్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 2000లో వచ్చిన ఇలస్ట్రేటర్ 9 నుంచి ఏఐ ఫైల్ అంటే నిజానికి ఒక పీడీఎఫ్, దాని కడుపులో ఇలస్ట్రేటర్ తనకోసం దాచుకున్న సొంత డేటా. ఇంక్‌స్కేప్ (ఆకారాలు గీసే ఉచిత ప్రోగ్రామ్), అఫినిటీ లాంటివి ఏఐ ఫైల్ తెరుస్తాయంటే, అవి చదివేది ఆ పీడీఎఫ్ భాగాన్నే. ఆ సొంత డేటా వాటికి అర్థం కాదు. అందుకే ఆకారాలన్నీ చక్కగా వస్తాయి, లేయర్ల అమరిక మాత్రం చెదిరిపోతుంది. సేవ్ చేసేటప్పుడు 'క్రియేట్ పీడీఎఫ్ కంపాటిబుల్ ఫైల్' టిక్ తీసేస్తే ఫైల్ సైజు తగ్గుతుంది, దాంతోపాటు బయటి ప్రోగ్రామ్‌లకు తలుపు కూడా మూసుకుపోతుంది.

కొత్త ప్రోగ్రామ్‌కు ఒక లేయర్ ఎదురైతే దాని ముందు మూడే దారులు. లెక్క అర్థమైతే దాన్ని మళ్లీ చేయడం. అర్థం కాకపోతే జవాబును అతికించడం. అదీ లేకపోతే వదిలేయడం. మొదటిదాంట్లో ఎడిట్ చేయగలం గానీ కనిపించే తీరు కాస్త మారొచ్చు. రెండోదాంట్లో చూపు అచ్చుగుద్దినట్టు ఉంటుంది గానీ మార్చడానికి ఏమీ మిగలదు. మూడోది అన్నిటికంటే అన్యాయం, ముఖ్యంగా అది అడ్జస్ట్‌మెంట్ లేయర్ అయినప్పుడు. దానిలో సొంత బొమ్మంటూ ఉండదు, కింద ఉన్నవాటి రంగులు మార్చడమే దాని పని. కాబట్టి అతికించడానికి జవాబు కూడా ఉండదు. అది జారిపోతే కింది లేయర్లన్నీ ఒక్కసారిగా పాత రంగుల్లోకి వెళ్లిపోతాయి.

బూడిద మరక ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడు ఆ సీసా నీడ దగ్గరికి వద్దాం. బ్యాక్‌గ్రౌండ్ పసుపు: ఎరుపు 255, ఆకుపచ్చ 200, నీలం 0 (ఒక్కో రంగుకు 0 నుంచి 255 దాకా కొలత). నీడ లేయర్‌లో ఉన్నది మధ్యస్థ బూడిద రంగు: మూడూ 128. దాని బ్లెండ్ మోడ్, అంటే కింది రంగుతో కలిసే పద్ధతి, మల్టిప్లై. పేరులోనే ఉంది, పై రంగును కింది రంగుతో గుణించి 255తో భాగించాలి.

ఎరుపు: 255 × 128 ÷ 255 = 128. ఆకుపచ్చ: 200 × 128 ÷ 255 = దాదాపు 100. నీలం: 0. అంటే 128, 100, 0. ముదురు పసుపు. పసుపు నేల మీద నీడ పడితే ఎలా ఉంటుందో సరిగ్గా అలా.

ఆయన సీసానూ నీడనూ కలిపి ఒక గ్రూప్‌లో పెట్టారు. ఫోటోషాప్‌లో గ్రూప్ చేస్తే దాని మోడ్ తనంతట తానే 'పాస్ త్రూ' అవుతుంది. అంటే ఆ గ్రూప్ పేరుకు మాత్రమే, గోడల్లేని గది. లోపలి నీడ గ్రూప్ దాటి కిందున్న పసుపును చూడగలదు, దానితో గుణించుకోగలదు.

నేను తెరిచిన ప్రోగ్రామ్ ఆ గ్రూప్‌ను గోడలున్న గదిలా చదివింది. ముందు గదిలో ఉన్నవాటిని మాత్రమే కలుపుతుంది, వచ్చిన ఫలితాన్ని తీసుకెళ్లి బ్యాక్‌గ్రౌండ్ మీద పెడుతుంది. గదిలో నీడ కింద ఏముంది? ఏమీ లేదు, ఖాళీ. ఖాళీతో గుణిస్తే నీడ తన రంగులోనే ఉండిపోతుంది: 128, 128, 128. ఆ బూడిదే పసుపు మీద వచ్చి కూర్చుంది.

128, 100, 0 రావాల్సిన చోట 128, 128, 128. మరక అదే. నీడ లేయర్ ఉంది, మల్టిప్లై మోడ్ కూడా అలాగే ఉంది. దాని చుట్టూ ఉన్న గ్రూప్ అర్థం మాత్రమే మారింది.

ఇది ఏదో ఒక ప్రోగ్రామ్ లోపం అనుకోవడానికి లేదు. పీడీఎఫ్‌లో గ్రూప్‌ను ఈ రెండు రకాలుగానూ చెప్పే వీలుంది. గింప్‌లో గ్రూప్‌లు 2012లో 2.8తో వచ్చినా, పాస్ త్రూ మోడ్ మాత్రం 2018లో 2.10 వచ్చేదాకా లేదు. వెబ్ ప్రమాణాల్లో అయితే ఒక గ్రూప్‌కు ఓపాసిటీ 100 కంటే తగ్గిస్తే చాలు, దాని చుట్టూ గోడలు లేచిపోతాయి. ఎవరి లెక్క వాళ్లది.

సగం నలుపు అంటే ఎంత?

ఇంకో ఉదాహరణ ఇంకా సాదాసీదాది. తెల్ల కాగితం, దాని మీద 50 శాతం ఓపాసిటీతో నల్ల లేయర్. ఏ గ్రూప్ లేదు, మోడ్ మామూలు నార్మల్. ఏ రంగు రావాలి?

తెలుపు 255, నలుపు 0, సగం 128. ఫోటోషాప్‌లో మామూలు 8 బిట్ ఫైల్ అయితే ఈ జవాబే వస్తుంది. కానీ ఆ 0 నుంచి 255 అంకెలు వెలుతురును నేరుగా కొలిచేవి కావు. మన కంటికి సమానంగా తోచేలా సాగదీసిన కొలత అది. నిజంగా వెలుతురులో సగం కావాలంటే ముందు అంకెలను వెలుతురు కొలతలోకి మార్చి, అక్కడ సగం చేసి, మళ్లీ వెనక్కి మార్చాలి. అలా చేస్తే వచ్చేది 188. గింప్ 2.10 నుంచి నార్మల్ మోడ్ ఈ రెండో దారిలో వెళ్తుంది. పాత ఫైళ్ల కోసం పాత మోడ్‌లను 'లెగసీ' పేరుతో పక్కన ఉంచారు.

128కీ 188కీ తేడా చిన్నది కాదు. ఒకటి ముదురు బూడిద, ఇంకోటి లేత బూడిద. ఏది తప్పు? రెండూ కాదు. వెలుతురు, పొగ, మెరుపు లాంటివి వెలుతురు లెక్కలోనే సహజంగా వస్తాయని ఒక వర్గం వాదన. డిజైనర్ల కళ్లు దశాబ్దాలుగా 128కే అలవాటుపడ్డాయి, వెబ్ బ్రౌజర్లూ అలాగే చూపిస్తాయి కాబట్టి అదే ఉండాలని ఇంకో వర్గం. ఫోటోషాప్ కూడా, రంగులను మరింత సూక్ష్మంగా దాచే 32 బిట్ ఫైల్‌లో వెలుతురు లెక్కకే మారుతుంది. అంటే ఒకే ప్రోగ్రామ్‌లో, ఒకే ఫైల్‌లో, మెనూలో ఒక్క క్లిక్‌తో రంగు మారిపోగలదు.

సాఫ్ట్ లైట్ అనే బ్లెండ్ మోడ్ అయితే మరీ. పేరు ఒకటే, ఫార్ములా మాత్రం ఒక్కో చోట కాస్త కాస్త తేడా. కంటికి ఆనేంత ఉండకపోవచ్చు, కానీ చర్మం రంగు మీద ఉపయోగించినప్పుడు గుర్తుపట్టేవాళ్లు పట్టేస్తారు.

తలకిందులైన మాస్క్

క్లిప్పింగ్ మాస్క్ అంటే ఒక ఆకారం లోపల మాత్రమే ఇంకో బొమ్మ కనిపించేలా చేయడం. అక్షరాల లోపల ఫోటో నింపినట్టు కనిపించే టైటిళ్లు ఇలా చేసినవే.

ఫోటోషాప్‌లో ఆకారం కింద ఉంటుంది, ఫోటో దాని మీద ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో ఆకారం పైన ఉంటుంది, ఫోటో దాని కింద. ఒకటి ఇంకోదానికి సరిగ్గా తలకిందులు. అఫినిటీలో పైనా కిందా అన్న మాటే లేకుండా ఫోటోను ఆకారం లోపలికి పిల్ల లేయర్‌లా చేరుస్తారు. పెయింటింగ్ ప్రోగ్రామ్ క్రిటాలో దగ్గరి ఏర్పాటు 'ఇన్‌హెరిట్ ఆల్ఫా'. అది కిందున్న ఒక్క లేయర్‌ను కాదు, ఆ గ్రూప్‌లో కిందున్న అన్నిటి ఆకారాన్నీ కలిపి తీసుకుంటుంది. ఫోటోషాప్‌లో ఒక అక్షరానికి మాత్రమే అతుక్కున్న ఫోటో, అదే వరస అక్కడ ఉంచితే, కిందున్న ఇంకో ఆకారం మీదికి కూడా పాకగలదు. అలా కాకుండా ఉండాలంటే ఆ రెండింటికీ విడిగా ఒక గ్రూప్ కావాలి. అంటే లేయర్ల చెట్టులో లేని కొమ్మ ఒకటి కొత్తగా పుడుతుంది. ఇంపోర్ట్ చేశాక "నేను పెట్టని గ్రూప్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి" అని ఆశ్చర్యపోయేవాళ్లకు కారణం తరచుగా ఇదే.

లేయర్ స్టైల్స్ గురించి ఒక చిన్న మాట. నీడ, మెరుపు, అంచు లాంటివాటిని విడి లేయర్లుగా మార్చే 'క్రియేట్ లేయర్స్' ఆదేశం ఫోటోషాప్‌లోనే ఉంది. దాన్ని నొక్కితే, ఎఫెక్ట్‌లలో కొన్ని అంశాలు లేయర్లతో తిరిగి తేలేమని ఫోటోషాపే హెచ్చరిస్తుంది. తన సొంత ఎఫెక్ట్‌ను తన సొంత లేయర్లలోకే పూర్తిగా మార్చలేనప్పుడు, పక్క ప్రోగ్రామ్‌ను ఏమని తప్పుపడతాం?

అక్షరాలు: ముట్టుకునేదాకా బాగానే ఉంటాయి

పీఎస్‌డీలో ప్రతి టెక్స్ట్ లేయర్‌కూ రెండు రూపాలుంటాయి. రాసిన మాటలు, ఫాంట్ పేరు, సైజు ఒక రూపం. ఆ మాటల బొమ్మ, అంటే చుక్కలు, ఇంకో రూపం. ఫాంట్ మీ దగ్గర లేకపోయినా ఫైల్ తెరవగానే టైటిల్ చక్కగా కనిపించడానికి కారణం ఆ రెండో రూపమే. లేయర్ పక్కన చిన్న హెచ్చరిక గుర్తు ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. ఒక్క అక్షరం దిద్దుదామని డబుల్ క్లిక్ చేస్తే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. ప్రోగ్రామ్ ఇప్పుడు లెక్క మళ్లీ చేయాలి, ఫాంట్ లేదు, వేరే ఫాంట్ పెడుతుంది. లైన్లు జారతాయి, పేరా పెట్టె దాటిపోతుంది.

ఫాంట్ ఉన్నా ఒక్కోసారి ఇదే గతి. పాత పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంట్లను 2023 జనవరి నాటికి, ఫోటోషాప్ తయారుచేసే అడోబీ తన ప్రోగ్రామ్‌లలో ఆపేసింది. ఫాంట్ ఫైల్ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం లేదంటుంది.

తెలుగు లాంటి లిపులకు ఇంకో మెట్టు ఎక్కువ. 'లక్ష్యం' అన్న మాట తెర మీద రెండే అక్షరాల్లా కనిపిస్తుంది. ఫైల్‌లో మాత్రం అది 7 యూనికోడ్ గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, య, సున్నా. వాటిని కలిపి క కింద ఒత్తులు పేర్చే పని ఫాంట్‌ది, ప్రోగ్రామ్‌లోని టెక్స్ట్ ఇంజన్‌ది. అడోబీ ప్రోగ్రామ్‌లలో ఇందుకోసం 'వరల్డ్ రెడీ' కంపోజర్ అని విడిగా ఉంటుంది. ఆ సెట్టింగ్ లేని చోట, లేదా ఆ పని చేతకాని ఇంజన్ ఉన్న ప్రోగ్రామ్‌లో అదే మాట పొల్లులు బయటికి కనిపిస్తూ విడివిడిగా విరిగిపోతుంది. మాట సురక్షితంగా చేరింది, ఏడు గుర్తులూ ఉన్నాయి. చదవడానికే వీల్లేదు. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్లయితే ఇంకా ఘోరం. వాటిలో దాచినవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, ఫాంట్ తీసేస్తే మిగిలేది గజిబిజి.

అందుకే చాలామంది పంపే ముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఆకారాలుగా మార్చేస్తారు. రూపం ఎక్కడికి వెళ్లినా మారదు. కానీ ఆ క్షణం నుంచి అది మాట కాదు, బొమ్మ. తేదీ తప్పు పడిందని తర్వాత తెలిస్తే దిద్దడానికి అక్కడ అక్షరం ఉండదు. జవాబు మిగిలింది, లెక్క చించేశాం.

మధ్యలో ఉండే వంతెనలు

రెండు ప్రోగ్రామ్‌లకూ తెలిసిన మూడో ఫార్మాట్‌లో ఇస్తే సరిపోతుందిగా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. అయితే ప్రతి వంతెనకూ మోయగలిగే బరువు ఇంత అని ఉంటుంది.

పీడీఎఫ్‌లో లేయర్లు 2003లో 1.5 వెర్షన్‌తో వచ్చాయి. వాటిని అక్కడ లేయర్లు అని కాకుండా ఆప్షనల్ కంటెంట్ గ్రూప్‌లు అంటారు. పేరు ఊరికే పెట్టలేదు. అది చెప్పేది ఒక్క విషయమే: ఈ భాగాన్ని చూపించాలా, దాచాలా. మ్యాప్‌లో రోడ్లు ఆపి నదులు మాత్రం చూడటానికి అది బాగా పనికొస్తుంది. డిజైన్ లేయర్ చేసే మిగతా పనులకు అది సరిపోదు.

మరి ఇలస్ట్రేటర్ నుంచి పీడీఎఫ్ చేసి మళ్లీ ఇలస్ట్రేటర్‌లో తెరిస్తే లేయర్లన్నీ ఎలా ఉంటున్నాయి? 'ప్రిజర్వ్ ఇలస్ట్రేటర్ ఎడిటింగ్ కేపబిలిటీస్' అన్న టిక్ వల్ల. దానితో పూర్తి ఏఐ డేటా ఆ పీడీఎఫ్ లోపలే దాక్కుంటుంది. లేయర్లను కాపాడింది పీడీఎఫ్ కాదు, దాని లోపల ప్రయాణించిన ఇంకో ఫైల్. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. మధ్యలో ఎవరైనా వేరే టూల్‌తో పీడీఎఫ్ భాగాన్ని మాత్రమే మార్చి, లోపలి డేటా అలాగే ఉండిపోతే, ఇలస్ట్రేటర్‌లో ఆ మార్పు కనిపించకపోవచ్చు.

ఆకారాలను దాచే ఎస్‌వీజీ ఫార్మాట్‌లో లేయర్ అనే భావనే లేదు, గ్రూప్ ఒక్కటే ఉంది. ఇంక్‌స్కేప్ తన లేయర్‌ను గ్రూప్‌గానే రాసి, 'ఇది లేయర్' అని దాని మీద తన సొంత చీటీ ఒకటి అంటిస్తుంది. ఇంక్‌స్కేప్‌లో మళ్లీ తెరిస్తే ఆ చీటీ చూసి లేయర్‌గా చూపిస్తుంది. మిగతా ప్రోగ్రామ్‌లకు ఆ చీటీతో పనిలేదు, వాటికది మామూలు గ్రూప్. 'ప్లెయిన్ ఎస్‌వీజీ'గా సేవ్ చేస్తే చీటీలన్నీ పీకేస్తారు. వస్తువులూ ఉంటాయి, వరసా ఉంటుంది, లేయర్ అన్న గుర్తింపు మాత్రం పోతుంది. నిజానికి ఇది పెద్ద నష్టం కాదు. గ్రూప్‌ను లేయర్ చేసుకోవడం రెండు నిమిషాల పని.

టిఫ్ అనే ఫార్మాట్‌లో ఫోటోషాప్ లేయర్లు దాచగలదు, కానీ తన సొంత అరలో. చాలా ప్రోగ్రామ్‌లకు కలిపేసిన బొమ్మే కనిపిస్తుంది. పాత ఫార్మాట్ ఈపీఎస్ అయితే పారదర్శకత అనే మాటే తెలియని కాలం నాటిది. సగం ఓపాసిటీ ఉన్న వృత్తం ఒక ఫోటో మీద ఉంటే, అవి కలిసే చోట ముక్కలు ముక్కలుగా కోసి పంపాల్సిందే.

చక్కగా ఆలోచించి చేసినది ఓపెన్‌రాస్టర్ (ఓఆర్‌ఏ) ఫార్మాట్. 2006లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జరిగిన లిబ్రే గ్రాఫిక్స్ మీటింగ్‌లో దీనికి బీజం పడింది. ఓఆర్‌ఏ ఫైల్ నిజానికి ఒక జిప్. విప్పి చూస్తే ఒక్కో లేయర్‌కూ ఒక పీఎన్‌జీ, వాటిని ఏ వరసలో పేర్చాలో చెప్పే చిన్న ఎక్స్‌ఎంఎల్ (మామూలు అక్షరాల్లో రాసిన వివరాల) ఫైల్, కలిపేసిన పూర్తి బొమ్మ కనిపిస్తాయి. లెక్కా ఉంది, జవాబూ ఉంది, ఎవరైనా చదవొచ్చు. క్రిటా, గింప్, మైపెయింట్ మధ్య పెయింటింగ్ ఫైళ్లు తిప్పుకోవడానికి ఇది హాయి. కానీ అందులో లేయర్ అంటే చుక్కల బొమ్మే. బతికున్న టెక్స్ట్‌కు అందులో చోటు లేదు.

ఒకే ఇంట్లో కూడా

ఒకే కంపెనీ ప్రోగ్రామ్‌లైతే ఈ గొడవ ఉండదనుకుంటాం. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, కదిలే బొమ్మలు చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అన్నీ అడోబీవే. ఒక లోగో తీసుకుందాం. పక్షి బొమ్మ, 6 ముక్కలు: రెండు రెక్కలు, ఒళ్లు, తోక, ముక్కు, కన్ను. అన్నీ ఇలస్ట్రేటర్‌లో 'పక్షి' అనే ఒకే లేయర్‌లో ఉన్నాయి. రెక్కలు ఆడించాలని ఆ ఏఐ ఫైల్‌ను ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి కాంపోజిషన్‌గా ఇంపోర్ట్ చేస్తే వచ్చేది ఒక్క లేయర్. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పై వరస లేయర్లనే చూస్తుంది, లోపలి ముక్కలను చూడదు. ముందే ఇలస్ట్రేటర్‌లో 'రిలీజ్ టు లేయర్స్' చేసి, వచ్చిన 6 ఉప లేయర్లను 'పక్షి' నుంచి బయటికి లాగి పై వరసలో పెడితేనే అక్కడ 6 విడివిడిగా దొరుకుతాయి. లాగడం మర్చిపోతే మళ్లీ ఒకటే వస్తుంది.

ఇలస్ట్రేటర్ నుంచి కాపీ చేసి ఫోటోషాప్‌లో పేస్ట్ చేసేటప్పుడు చాలాకాలం స్మార్ట్ ఆబ్జెక్ట్, పిక్సెల్స్, పాత్, షేప్ లేయర్ అన్న నాలుగే దారులుండేవి. లేయర్లుగానే పేస్ట్ అయ్యే ఐదో దారి 2021 అక్టోబర్‌లో గానీ రాలేదు. లేయర్లు ఫోటోషాప్‌లోకి వచ్చిన 27 ఏళ్లకు!

అన్నీ బతికుండాలా, కలిపేయాలా?

ఇక్కడ రెండు వైపులా న్యాయమైన వాదనలే ఉన్నాయి. తర్వాత మార్పులు చేయాల్సినవాళ్లకు లెక్క కావాలి. టైటిల్ మారొచ్చు, భాష మారొచ్చు, సైజు మారొచ్చు. కలిపేసిన బొమ్మ ఇస్తే వాళ్లు మళ్లీ మొదటి నుంచి గీయాలి. ప్రింట్ చేసేవాళ్లకు జవాబు కావాలి. తమ మెషీన్ దగ్గర ఏ లెక్కా మళ్లీ జరగకూడదు, జరిగితే ఆ సీసా నీడలాంటివి వేల కాపీల్లో పడతాయి. ప్రింట్ కోసం చేసిన 2001 నాటి పీడీఎఫ్/ఎక్స్-1ఏ ప్రమాణం పారదర్శకతను పూర్తిగా నిషేధించింది కూడా ఈ భయంతోనే. తర్వాత ప్రింట్ వైపు సాఫ్ట్‌వేర్ మెరుగుపడ్డాక 2008లో వచ్చిన పీడీఎఫ్/ఎక్స్-4 పారదర్శకతకూ లేయర్లకూ తలుపు తెరిచింది. ఇప్పటికీ పాత ప్రమాణమే అడిగేవాళ్లున్నారు. వాళ్లది చాదస్తం అనడం తేలిక, నష్టం భరించేది వాళ్లే అన్నది గుర్తుంచుకోవాలి.

అందరికీ ఒకే ఓపెన్ ఫార్మాట్ ఉంటే అన్న కోరిక పాతదే. ఎస్‌వీజీ వెనక వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఉంది, పీడీఎఫ్ 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణమైంది. ఫార్మాట్ తమ చేతిలో ఉంటే పదేళ్ల తర్వాత కూడా తమ ఫైల్ తెరుచుకుంటుందన్నది దీన్ని కోరేవాళ్ల మాట. అయితే కొత్త సదుపాయం ఏదైనా ముందు ఒక ప్రోగ్రామ్‌లో పుడుతుంది, అందరూ ఒప్పుకున్న ప్రమాణంలోకి చేరడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా దాన్ని ఉపయోగించినవాళ్లు సొంత ఫార్మాట్‌లోనే దాచుకోక తప్పదు. మధ్యేమార్గాలూ ఉన్నాయి. ఇన్‌డిజైన్‌లో సీఎస్4 వెర్షన్‌తో వచ్చిన ఐడీఎంఎల్ ఫార్మాట్ పేజీ లెక్కనంతా ఎక్స్‌ఎంఎల్‌లో విప్పి రాస్తుంది, అందుకే అఫినిటీ లాంటి పోటీ ప్రోగ్రామ్ కూడా దాన్ని చదవగలుగుతోంది. స్కెచ్ అనే డిజైన్ ప్రోగ్రామ్ 2017లో 43వ వెర్షన్ నుంచి తన ఫైల్‌ను జేసన్ (ఎవరైనా చదవగలిగే డేటా) ఉన్న జిప్‌గా మార్చింది. నాకు ఈ దారే నచ్చుతుంది. ఫార్మాట్ సొంతదే అయినా తలుపుకు తాళం లేదు.

ఇక ఆ సీసా ఫైల్. నీడ లేయర్‌ను గ్రూప్‌లోంచి బయటికి లాగి, సరిగ్గా పసుపు మీద పెట్టాను. బూడిద పోయి ముదురు పసుపు వచ్చేసింది, ఆయన పంపిన స్క్రీన్‌షాట్‌తో పోల్చితే రంగు సరిపోయింది. ఫైల్ తిరిగి పంపాక ఆయన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "నీడ గ్రూప్‌లోంచి ఎందుకు తీశారండీ? నా సిస్టమ్‌లో రెండూ ఒకేలా ఉన్నాయే!"